పై కోర్టు ఉన్నంత మాత్రాన అప్పీలు ఉన్నట్టు కాదు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీ తమ్ముడు డాలస్‌లో ఉంటున్నారు. పాత కంపెనీ ఆయన గ్రీన్‌కార్డు కోసం వేసిన ఐ-140 పిటిషన్‌ను ఇమిగ్రేషన్ వాళ్ళు ముందు ఆమోదించి, తర్వాత రద్దు చేశారు. కొత్త కంపెనీ మళ్ళీ వేస్తే దాన్ని తిరస్కరించారు. రెండిటి మీదా కలిపి అక్కడి ఫెడరల్ జిల్లా కోర్టులో దావా వేశారు. జడ్జి రద్దు మీద వేసిన క్లెయిమును "ఇది వినే అధికారం నాకు లేదు" అని కొట్టేసి, తిరస్కరణ మీద వేసినదాన్ని మాత్రం ఉంచారు. కొట్టేసిన ముక్క మీద వెంటనే పై కోర్టుకు వెళ్దామని మీరంటే, లాయరు "ఇప్పుడు వెళ్తే ఆ కోర్టుకు జ్యూరిస్‌డిక్షన్ (వినే అధికారం) ఉండదు" అంటున్నారు. "పై కోర్టుకు అధికారం లేకపోవడమేమిటండీ, మన హైకోర్టు ఏదైనా వింటుంది కదా, ఈయన తప్పించుకుంటున్నాడా?" అని మీ అనుమానం.

తప్పించుకోవడం లేదు. ఆయన చెప్పింది నిజమే. నేను బాపట్లలో నాలుగేళ్ళు ప్రాక్టీసు చేసి అమెరికా వచ్చాను. ఇక్కడ పద్నాలుగేళ్ళుగా అప్పీళ్ళ పనే చేస్తున్నాను. వచ్చిన కొత్తలో నాకూ ఇదే తికమక. ఒక్క మాటలో చెప్పలేను కాబట్టి కొంచెం ఓపిగ్గా చదవండి. మీ తమ్ముడి ఫైలు నేను చూడలేదు. చివరి మాట మీ లాయరుదే.

అసలు తికమకంతా "పై కోర్టు" అనే మాటలోనే ఉంది. ఆ మాట వినగానే మనకు ఒక నిచ్చెన కనపడుతుంది. కింద మున్సిఫ్ కోర్టు, దాని మీద సబ్ కోర్టు, ఆపైన జిల్లా కోర్టు, హైకోర్టు. పైన కూర్చున్నవాళ్ళకు కింద జరిగేదంతా చూసే అధికారం దానంతటదే ఉంటుందనుకుంటాం. మన హైకోర్టుకు 226, 227 అధికరణాలు, సుప్రీంకోర్టుకు 136వ అధికరణం ఉండటం వల్ల ఆ భావన ఇంకా గట్టిపడింది. ఏదీ కుదరకపోతే హైకోర్టులో రిట్టు, అదీ కుదరకపోతే సుప్రీంకోర్టులో ఎస్సెల్పీ (ప్రత్యేక అనుమతి పిటిషన్). అమెరికా ఫెడరల్ అప్పీలు కోర్టుకు అలాంటి విశాలమైన అధికారం లేదు. ఫలానా సెక్షను కింద వచ్చాను అని చూపించగలిగితేనే తలుపు తీస్తుంది. మీకు ఎంత అన్యాయం జరిగిందన్నది తలుపు తీశాక అడిగే ప్రశ్న.

ఆ సెక్షన్లు ఎక్కడి నుంచి వచ్చాయో కొంచెం చెప్తాను. అమెరికా రాజ్యాంగంలో కోర్టుల గురించి చెప్పే మూడో అధికరణం చాలా చిన్నది. అందులో పేరు పెట్టి ఏర్పరచిన కోర్టు సుప్రీంకోర్టు ఒక్కటే. కింది కోర్టులు ఉండాలా, ఎన్ని ఉండాలి, ఏమేం వినాలి అన్నది కాంగ్రెసుకే వదిలేశారు. (కాంగ్రెస్ అంటే అక్కడి పార్లమెంటు. మనకు అలవాటు కొద్దీ పార్టీ గుర్తొస్తుంది.) సుప్రీంకోర్టు అప్పీలు అధికారం కూడా "కాంగ్రెస్ పెట్టే మినహాయింపులకు, నియమాలకు లోబడి" అని అందులోనే రాసి ఉంది. అంటే ఫెడరల్ అప్పీలు అధికారమంతా రాజ్యాంగం గీసిన పెద్ద గీత లోపల, కాంగ్రెస్ గీసిన చిన్న గీతలో ఇమిడి ఉంటుంది. కాంగ్రెస్ పెద్ద గీత దాటి ఇవ్వలేదు. లోపల ఎంత తగ్గించినా చాలావరకు అడిగేవాళ్ళు లేరు.

1789 నాటి చట్టంలో 13 జిల్లా కోర్టులు, మూడు సర్క్యూట్లు పెట్టారు. విడిగా అప్పీలు కోర్టులంటూ లేవు. సుప్రీంకోర్టు జడ్జీలే ఊరూరూ తిరిగి సర్క్యూట్ కోర్టుల్లో కూర్చునేవారు. ఆ తిరుగుడు వల్లే సర్క్యూట్ అన్న పేరు. ఇప్పుడు మనం చూస్తున్న అప్పీలు కోర్టులు 1891లో ఎవార్ట్స్ చట్టంతో వచ్చాయి. అంటే దేశం పుట్టాక వందేళ్ళకు. అప్పటిదాకా ఫెడరల్ కోర్టులో శిక్ష పడ్డవాడికి అప్పీలు అనేది మామూలుగా ఉండేదే కాదు. అప్పీలు రాజ్యాంగ హక్కు కాదని 1894లో మెక్‌కేన్ వర్సెస్ డర్‌స్టన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది కూడా. నేను మొదటిసారి చదివినప్పుడు నాకు నమ్మబుద్ధి కాలేదు.

ఇప్పుడు మొత్తం 13 అప్పీలు కోర్టులు. అంకెలున్నవి 11, వాషింగ్టన్ డి.సి.ది ఒకటి, పేటెంట్ల వంటివి చూసే ఫెడరల్ సర్క్యూట్ ఒకటి. మీది డాలస్ కాబట్టి ఐదో సర్క్యూట్, అంటే న్యూ ఆర్లీన్స్. అదే న్యూజెర్సీలోని ఎడిసన్‌లో దావా వేసి ఉంటే మూడోది, ఫిలడెల్ఫియా. ఈ పంపకం కూడా సెక్షను 1294లో రాసిందే, మనం ఎంచుకునేది కాదు.

ఇక మీ కేసుకు అసలైన సెక్షను 1291, యు.ఎస్. కోడ్ (ఫెడరల్ చట్టాల సంపుటి) 28వ టైటిల్లో. చాలా చిన్న సెక్షను. జిల్లా కోర్టుల "తుది నిర్ణయాల" మీద అప్పీలు వినే అధికారం అప్పీలు కోర్టులకు ఉంటుంది అంటుంది. ఆ "తుది" అన్న మాట దగ్గరే మీ తమ్ముడి కేసు ఆగింది. తుది నిర్ణయం అంటే ఏమిటో 1945లో కాట్లిన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది: వ్యాజ్యం పూర్తిగా ముగిసిపోయి, ఇక తీర్పును అమలు చేయడం తప్ప కింది కోర్టుకు చేయాల్సిన పనేమీ మిగలకూడదు. మీ కేసులో తిరస్కరణ మీది క్లెయిము ఇంకా బతికే ఉంది. కాబట్టి పని మిగిలింది, తుది కాలేదు.

మన దగ్గర దావా నడుస్తుండగా ఐ.ఏ. (మధ్యంతర దరఖాస్తు) మీద ఆర్డరు వస్తే, అది సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 43లో ఉంటే సి.ఎం.ఏ. (సివిల్ మిసలేనియస్ అప్పీలు) వేస్తాం, లేకపోతే 227 కింద సి.ఆర్.పి. (సివిల్ రివిజన్ పిటిషన్) వేస్తాం. ఒక్క దావా మీద నాలుగైదు సి.ఆర్.పి.లు తిరగడం బాపట్లలో నేను కళ్ళారా చూశాను. దావా ముసలిదైపోతుంది, పార్టీలూ ముసలివాళ్ళైపోతారు. ఇక్కడివాళ్ళు భయపడింది సరిగ్గా దానికే. ఒక కేసు, ఒక అప్పీలు, అన్నీ కలిపి చివర్లో.

అయితే "మా క్లెయిము కొట్టేసి రెండేళ్ళయ్యాక అప్పీలు చేస్తే ఆలస్యమైందంటారేమో" అని టెన్షన్ వద్దు. మధ్యలో వచ్చిన ఉత్తర్వులన్నీ తుది తీర్పులో కలిసిపోతాయి. తుది తీర్పు మీద అప్పీలు వేసినప్పుడు ఈ కొట్టివేతనూ అందులోనే ప్రశ్నించవచ్చు. హక్కు పోదు, ఎదురుచూడాల్సి వస్తుంది అంతే.

ఎదురుచూడకుండా వెళ్ళే దారులు లేవా అంటే, ఉన్నాయి కానీ ఒక్కోటి ఒక్కో ఇరుకు సందు. ఇంజంక్షన్ ఇచ్చినా, నిరాకరించినా సెక్షను 1292 మొదటి భాగం కింద వెంటనే అప్పీలు ఉంది. మీ తమ్ముడి కేసులో ప్రిలిమినరీ ఇంజంక్షన్ అడిగి, జడ్జి కాదని ఉంటే ఆ దారి తెరుచుకునేది. మీరు రాసినదాన్ని బట్టి అడిగినట్టు లేదు. 1292లోనే బి భాగం ఇంకొకటి: జడ్జి తానే "ఇందులో కీలకమైన చట్ట ప్రశ్న ఉంది, దాని మీద భిన్నాభిప్రాయానికి గట్టి ఆస్కారం ఉంది, ఇప్పుడే తేలితే కేసు త్వరగా ముగుస్తుంది" అని రాసివ్వాలి. అలా రాసిచ్చిన 10 రోజుల్లో అప్పీలు కోర్టును అనుమతి అడగాలి, వాళ్ళూ ఒప్పుకోవాలి. ఇద్దరి దయా కావాలన్నమాట. మీ క్లెయిము విషయంలో భిన్నాభిప్రాయానికి చోటే లేదు. ఎందుకో కిందికి వచ్చాక చెప్తాను.

మూడోది ఫెడరల్ సివిల్ ప్రొసీజర్ నియమాల్లోని 54(బి) రూలు. ఒకటి కంటే ఎక్కువ క్లెయిములున్న కేసులో ఒకటి పూర్తిగా తేలిపోతే, "ఆలస్యం చేయడానికి న్యాయమైన కారణం లేదు" అని చెప్పి జడ్జి దానికి మాత్రం విడిగా తుది తీర్పు ఇవ్వవచ్చు. మీకు పనికొస్తే గిస్తే ఇదొక్కటే. కానీ ఒక చిక్కు చూడండి. 54(బి) కింద విడి తీర్పు రాగానే ఆ ముక్క మీద అప్పీలు గడియారం మొదలవుతుంది. "మొత్తం అయ్యాక చూద్దాంలే" అని కూర్చుంటే ఆ ముక్క శాశ్వతంగా పోతుంది. అడిగి తెచ్చుకున్న వరం మెడకు చుట్టుకోవడమంటే ఇదే.

నాలుగోది చట్టంలో ఎక్కడా కనపడదు, కోర్టులు 1291లోని "తుది" అన్న మాటను కాస్త సాగదీసి చేసుకున్నది. 1949లో కోహెన్ కేసుతో వచ్చింది. కొన్ని ఉత్తర్వులు అసలు వివాదంతో సంబంధం లేకుండా పక్కన ఉంటాయి, అక్కడికక్కడ పూర్తిగా తేలిపోతాయి, చివరిదాకా ఆగితే ఇక సరిదిద్దడానికి ఏమీ మిగలదు. ఒక ప్రభుత్వ అధికారి "నా మీద అసలు విచారణే జరగకూడదు, నాకు రక్షణ ఉంది" అన్నాడనుకోండి. విచారణంతా అయ్యాక "అవునయ్యా, జరగకూడదు" అంటే ఏం లాభం? అలాంటివాటికే ఈ దారి. దీన్ని పెంచనివ్వకుండా సుప్రీంకోర్టు చాలా గట్టిగా పట్టుకుంటుంది. 2009లో మొహాక్ కేసులో, లాయరుకూ క్లయింటుకూ మధ్య జరిగిన రహస్య సంభాషణలు బయటపెట్టమన్న ఉత్తర్వు మీద కూడా వెంటనే అప్పీలు కుదరదన్నారు. అది కుదరనప్పుడు మీది కుదిరే మాటే లేదు.

ఇక్కడే ఇంకో సలహా మీకు ఎవరో ఇస్తారు, ఇప్పటికే ఇచ్చి ఉండొచ్చు: "మిగిలిన క్లెయిమును మళ్ళీ వేసుకునే హక్కు ఉంచుకుని ఉపసంహరించుకుంటే కేసు అయిపోయినట్టే కదా, అప్పుడు అప్పీలు వేద్దాం." వినడానికి తెలివిగానే ఉంటుంది. ఐదో సర్క్యూట్ 1978 నుంచీ దీన్ని ఒప్పుకోవడం లేదు. మళ్ళీ వేసుకోగలిగినది తేలిపోయినట్టు ఎలా అవుతుంది అన్నది వాళ్ళ తర్కం. అప్పుడు మీ పరిస్థితి రెండింటికీ చెడ్డ రేవడి. కింద కేసు లేదు, పైన అప్పీలు లేదు. ఎవరైనా ఈ మాటంటే దయచేసి నో అనండి.

ఇవన్నీ పుస్తకాల సంగతులు కావు. నేను మొదటి ఉద్యోగంలో ఉన్నప్పుడు ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ కేసు మా ఆఫీసుకు వచ్చింది. కింది కోర్టులో సమ్మరీ జడ్జిమెంట్‌తో (పూర్తి విచారణ లేకుండానే ఇచ్చే తీర్పుతో) ఓడిపోయారు, అప్పీలు వేశాం. రికార్డు తయారైంది, రెండు పక్షాల బ్రీఫులూ (రాతపూర్వక వాదనలూ) ఫైలయ్యాయి. వాదనల తేదీ కోసం చూస్తున్నాం. ఒక మధ్యాహ్నం అప్పీలు కోర్టు క్లర్కు నుంచి ఒక పేజీ లేఖ వచ్చింది. "ప్రతివాది వేసిన కౌంటర్‌క్లెయిము మీద జిల్లా కోర్టు ఏ నిర్ణయం తీసుకుందో డాకెట్‌లో (కేసు నమోదు పట్టికలో) కనపడటం లేదు. ఈ అప్పీలు వినే అధికారం మాకు ఎలా ఉందో రెండు పక్షాలూ 14 రోజుల్లో రాతపూర్వకంగా చెప్పండి." అంతే ఉంది అందులో. డాకెట్ తెరిచి మొదటి నుంచీ చదివాం. నిజమే. ఎప్పుడో కేసు మొదట్లో, కట్టని ఒక ఇన్వాయిసు కోసం అవతలివాళ్ళు వేసిన చిన్న కౌంటర్‌క్లెయిము. జడ్జి మరిచిపోయారు, అవతలివాళ్ళు మరిచిపోయారు, మేమూ చూసుకోలేదు. అవతలి లాయరూ మేమూ కలిసి "మా ఇద్దరికీ అభ్యంతరం లేదు, దయచేసి వినండి" అని రాశాం. అప్పీలు కొట్టేశారు. మళ్ళీ కిందికి వెళ్ళి, వాళ్ళు ఆ ఇన్వాయిసును శాశ్వతంగా వదులుకుంటున్నామని రాసిచ్చి, కొత్తగా తుది తీర్పు తీసుకుని, మళ్ళీ ఫీజు కట్టి పైకి వచ్చేసరికి దాదాపు ఏడాది పోయింది.

ఆ రోజు నాకు బాగా ఎక్కిన విషయం ఒకటుంది. అధికారం అనేది పార్టీలు ఒప్పుకుంటే వచ్చేది కాదు. ఎవరూ అడగకపోయినా కోర్టు తనంతట తాను చూసుకోవాలి. అందుకే ఇక్కడ అప్పీలు బ్రీఫులో, కేసు కథ మొదలుపెట్టక ముందే, ఏ సెక్షను కింద వచ్చాం, తీర్పు ఏ తేదీన వచ్చింది, అప్పీలు ఏ తేదీన వేశాం అని ఒక పేరా రాసి తీరాలి. జూనియర్లు దాన్ని పాత బ్రీఫు నుంచి కాపీ కొట్టేస్తారు. నేను మాత్రం ముందు అదే చదువుతాను.

తేదీ అన్నాను కదా, అది ఇంకా ప్రమాదకరం. ప్రైవేటు పార్టీల మధ్య సివిల్ కేసైతే తీర్పు డాకెట్‌లో ఎక్కిన రోజు నుంచి 30 రోజులు. అమెరికా ప్రభుత్వం పార్టీగా ఉంటే 60. మీ అవతలి పక్షం ఇమిగ్రేషన్ శాఖ కాబట్టి మీకు 60. క్రిమినల్ కేసులో ముద్దాయికైతే 14 మాత్రమే. ఈ గడువు కేవలం కోర్టు నియమంలో ఉంటే ఒక లెక్క, కాంగ్రెస్ చేసిన చట్టంలోనే ఉంటే ఇంకో లెక్క. సివిల్ అప్పీళ్ళ 30, 60 రోజులు సెక్షను 2107లో, అంటే చట్టంలోనే ఉన్నాయి. కాబట్టి అవి దాటితే అప్పీలు కోర్టుకు అధికారమే పోతుంది. మన లిమిటేషన్ చట్టం సెక్షను 5 కింద "ఆలస్యాన్ని మన్నించండి" అని అఫిడవిట్ వేసి, క్లయింటుకు పచ్చకామెర్లు వచ్చాయని రాసి గట్టెక్కినట్టు ఇక్కడ గట్టెక్కలేం. గడువు పొడిగించమని అడిగే వీలుంది, కానీ అది కూడా అసలు గడువు ముగిసిన 30 రోజుల్లోపే అడగాలి.

ఇదెంత కఠినమో తెలియాలంటే 2007 నాటి బౌల్స్ వర్సెస్ రసెల్ చూడాలి. ఒహాయోలో జీవిత ఖైదు అనుభవిస్తున్న ఖైదీ. అప్పీలు గడువు మళ్ళీ తెరవమని అడిగితే జిల్లా జడ్జి ఒప్పుకున్నారు. చట్టం ప్రకారం అలా తెరిస్తే 14 రోజులే ఇవ్వాలి. జడ్జి ఏ లెక్కన వేశారో గానీ ఉత్తర్వులో ఫిబ్రవరి 27 దాకా అని రాశారు, అంటే 17 రోజులు. ఖైదీ తరఫువాళ్ళు జడ్జి మాట నమ్మి 26న ఫైలు చేశారు. జడ్జి చెప్పిన తేదీకి ఒకరోజు ముందే. అయినా చట్టంలోని 14 రోజులు దాటింది కాబట్టి అప్పీలు కోర్టుకు అధికారం లేదని సుప్రీంకోర్టు ఐదుగురు నలుగురుగా చీలి తేల్చింది. జడ్జికి చట్టంలో లేని రోజులు ఇచ్చే అధికారం లేదు, ఆయన తప్పు వల్ల అప్పీలు కోర్టుకు కొత్త అధికారం పుట్టదు. మనుషుల్ని ఇలా చూడటం న్యాయవ్యవస్థకు భరించరానిదని జస్టిస్ సూటర్ అసమ్మతి రాశారు. నా మనసు ఆయన వైపే. కానీ నా క్యాలెండర్ మాత్రం మెజారిటీ తీర్పు ప్రకారమే నడుస్తుంది.

దీనికి అవతలి కొస 2017 నాటి హేమర్ కేసు. అక్కడ గడువు పరిమితి కోర్టు నియమంలోనే ఉంది, ఆ సందర్భానికి చట్టంలో లేదు. కాబట్టి అది అధికారాన్ని తెంచే గడువు కాదని అందరు జడ్జీలూ ఏకగ్రీవంగా అన్నారు. రెండు కేసులు పక్కపక్కన పెట్టుకుంటే సంగతి అర్థమవుతుంది: అధికారం గీత ఎవరు గీశారన్నదే ముఖ్యం. కాంగ్రెస్ గీస్తే అది గోడ. కోర్టు తన సౌకర్యం కోసం గీసుకుంటే అది ముగ్గు. ముగ్గును కూడా తొక్కకూడదు, అవతలివాడు అభ్యంతరం పెడితే చెరిగిపోదు. కానీ గోడలా తల పగలగొట్టదు.

మీకోసం ఒక లెక్క వేసి చూపిస్తాను. మీలాంటి కేసులోనే తుది తీర్పు 2025 మార్చి 3, సోమవారం డాకెట్‌లో ఎక్కిందనుకోండి. 60వ రోజు మే 2. తీర్పును సవరించమని అదే జడ్జిని అడిగే పిటిషన్ 28 రోజుల్లో, అంటే మార్చి 31 లోపు వేస్తే అప్పీలు గడియారం ఆగుతుంది, ఆ పిటిషన్ తేలిన రోజు నుంచి మళ్ళీ 60 రోజులు. అదే పిటిషన్ ఏప్రిల్ 1న వేస్తే గడియారం ఆగదు. ఆ 28 రోజుల్ని జడ్జి కూడా పొడిగించలేరు. జూన్ 20న జడ్జి తాపీగా "పిటిషన్ కొట్టివేత" అన్నారనుకోండి. లాయరు అప్పుడు అసలు తీర్పు మీద అప్పీలు వేద్దామని కూర్చుంటే అది మే 2నే పోయింది. పొడిగింపు అడిగే గడువూ పోయింది. ఒక్క రోజు తేడా. ఇలాంటి ఫైలు పట్టుకుని వచ్చినవాళ్ళకు కాఫీ ఇచ్చి పంపడం తప్ప చేయగలిగింది పెద్దగా లేదు.

ఇంత వివరం ఎందుకు చెప్పానంటే, అప్పీలు అధికారం కాంగ్రెస్ చేతిలో ఉండటమంటే ఏమిటో పైపైన చూస్తే తెలియదు. ఇచ్చినవాళ్ళు వెనక్కి కూడా తీసుకోగలరు, కేసు మధ్యలో అయినా సరే. అంతర్యుద్ధం తర్వాత మిసిసిపీలో మెక్‌కార్డిల్ అనే పత్రికా సంపాదకుణ్ణి, రాసిన సంపాదకీయాలకు గాను సైన్యం నిర్బంధించింది. 1867లో కాంగ్రెస్ ఇచ్చిన కొత్త అప్పీలు దారిలో ఆయన సుప్రీంకోర్టు దాకా వచ్చాడు. వాదనలు కూడా అయిపోయాయి. తీర్పు తమకు ఎదురు తిరుగుతుందేమోనని 1868 మార్చిలో కాంగ్రెస్ ఆ అప్పీలు దారినే రద్దు చేసింది, అధ్యక్షుడి వీటోను కూడా తోసిరాజని. 1869లో సుప్రీంకోర్టు తలవంచింది. అధికారం లేకపోతే కోర్టు ఒక్క అడుగు కూడా వేయలేదు, కేసు కొట్టేస్తున్నానని చెప్పడం తప్ప దానికి మిగిలే పనిలేదు అంది. ఆ రద్దుకు ముందు నుంచీ ఉన్న వేరే దారి ఇంకా తెరిచే ఉందని అదే ఏడాది ఇంకో కేసులో ఒప్పుకుంది కూడా. అందుకే "కాంగ్రెస్ ఏమైనా చేయగలదు" అని మెక్‌కార్డిల్ పేరు చెప్పి ఎగిరేవాళ్ళను నేను పూర్తిగా నమ్మను.

ఇది చదివినప్పుడల్లా నాకు మా ఊరి కేసు గుర్తొస్తుంది. 1949లో బాపట్ల సబ్ కోర్టులో వేసిన దావా అది. అప్పుడు మన దగ్గరా ఫెడరల్ కోర్టు ఉండేది. దావా విలువ పది వేల రూపాయలు దాటితే అక్కడికి అప్పీలు హక్కు ఉండేది. హైకోర్టు తీర్పు వచ్చేసరికి 1955 అయింది. ఆ లోపు రాజ్యాంగం వచ్చింది, ఫెడరల్ కోర్టు పోయింది, సుప్రీంకోర్టుకు వెళ్ళాలంటే విలువ ఇరవై వేలు ఉండాలన్న నిబంధన వచ్చింది. ఈ దావా విలువ ఆ రెండింటి మధ్యలో చిక్కుకుంది. 1957లో గరికపాటి వీరయ్య కేసుగా పేరుపడ్డ తీర్పులో మన సుప్రీంకోర్టు ఏమందంటే, దావా వేసిన రోజునే అప్పీలు హక్కు పుట్టేసింది, దాన్ని కొత్త చట్టం స్పష్టంగా గానీ తప్పనిసరి అర్థంలో గానీ తీసేస్తే తప్ప పోదు. మన దగ్గర కూడా అప్పీలు చట్టం ఇస్తేనే ఉంటుంది, ఆ మాటకు తేడా లేదు. కానీ ఇచ్చాక అది కక్షిదారు జేబులో ఉన్నట్టు చూస్తాం. అమెరికాలో దాన్ని కోర్టు చేతిలోని తాళంచెవిలా చూస్తారు. ఇచ్చినవాడు అడిగితే తిరిగిచ్చేయాలి.

ఇప్పుడు మీ తమ్ముడి క్లెయిము దగ్గరికి వస్తాను. జడ్జి ఆ రద్దు మీద క్లెయిమును ఎందుకు కొట్టేశారో ఇప్పుడు తేలిగ్గా అర్థమవుతుంది. ఇమిగ్రేషన్ చట్టంలో సెక్షను 1252 అని ఉంది. అధికారుల విచక్షణకు వదిలేసిన నిర్ణయాలను కోర్టులు చూడకూడదని అందులో కాంగ్రెస్ రాసింది. 2022లో పటేల్ వర్సెస్ గార్లండ్‌లో సుప్రీంకోర్టు దీన్ని ఎంత దూరం తీసుకెళ్ళిందంటే, గ్రీన్‌కార్డు విషయంలో అధికారులు వాస్తవాలను తప్పుగా చదివారన్నా కూడా కోర్టు చూడదంది. డ్రైవింగ్ లైసెన్సు దరఖాస్తులో, కాకపోయినా అమెరికా పౌరుణ్ణని టిక్కు పెట్టడం దగ్గర మొదలైన కేసు అది. ఇక 2024 డిసెంబరులో బువార్ఫా వర్సెస్ మయోర్కస్‌లో, ఒకసారి ఆమోదించిన వీసా పిటిషన్‌ను రద్దు చేయడం అధికారుల విచక్షణ, కోర్టులు చూడకూడదు అని ఏకగ్రీవంగా తేల్చేసింది. అది భార్యాభర్తల పిటిషన్ కేసే, కానీ రద్దు అధికారం ఇచ్చే సెక్షను ఐ-140కీ అదే. భిన్నాభిప్రాయానికి చోటు లేదని పైన అన్నది ఇందుకే.

ఇక్కడ రెండు అధికారాలు కలగాపులగం చేసుకోకండి. తుది తీర్పు వచ్చాక ఐదో సర్క్యూట్‌కు మీ అప్పీలు వినే అధికారం ఉంటుంది. విని ఏం చూస్తుంది? రద్దు సంగతి వినడానికి జిల్లా కోర్టుకు అధికారం ఉందా లేదా అన్నది మాత్రమే. లేదని సుప్రీంకోర్టు చెప్పేసింది కాబట్టి జిల్లా జడ్జి చేసింది సరైనదే అంటుంది. తలుపు తీస్తారు, కూర్చోబెడతారు, లోపలి గది తాళం మాత్రం అలాగే ఉంటుంది. ఆ అప్పీలుకు 605 డాలర్ల ఫీజు, లాయరు ఖర్చు పెట్టడం నా దృష్టిలో దండగ. రద్దు నిర్ణయంలో నోటీసు ఇవ్వకపోవడం లాంటి వేరే లోపం ఉందా అన్నది మీ లాయరుతో ఒకసారి విడిగా మాట్లాడండి. కొన్ని సర్క్యూట్లలో అలాంటి వాదనలు వేరే దారిలో నడిచాయి.

మీ బలమంతా ఆ రెండో క్లెయిములో ఉంది. తిరస్కరణ వేరు, రద్దు వేరు. కొత్త పిటిషన్‌ను అర్హత ఉండి కూడా తిరస్కరిస్తే జిల్లా కోర్టు చూడవచ్చు. బువార్ఫా తీర్పు కూడా, రద్దయినవాళ్ళు మళ్ళీ పిటిషన్ వేసుకోవచ్చు, అది తిరస్కరిస్తే దాన్ని సవాలు చేసే దారి ఉంటుందన్న కోణాన్ని ప్రస్తావించింది. పైగా ఆ రెండో పిటిషన్ మీద వాదిస్తున్నప్పుడు, రద్దు సమయంలో చెప్పిన కారణాలే తిరస్కరణలోనూ మళ్ళీ వాడి ఉంటే, అవి సరైనవా కాదా అన్నది ఆ దారిలోనే కోర్టు ముందుకు రావచ్చు. అంటే ముందు తలుపు మూసినా పెరటి తలుపు ఉండొచ్చు. మీ లాయరు ఇది చూసే ఆగుదామంటున్నారేమో అడగండి.

"నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్ళలేమా" అని కూడా రాశారు. అప్పీలు కోర్టు తీర్పు తర్వాత 90 రోజుల్లో వినమని అడిగే పిటిషన్ వేయొచ్చు. వినాలా వద్దా వాళ్ళ ఇష్టం, తొమ్మిది మందిలో నలుగురైనా వినాలనుకోవాలి. ఏటా వేలల్లో వస్తాయి, వినేది అరవై డెబ్బై. ఈ కేసుకు దాని గురించి ఆలోచించకండి.

ఈ వారంలో లాయరుకు ఫోను చేసి మూడు సంగతులు అడగండి. 54(బి) తీర్పు కోసం ఎవరైనా, అవతలి పక్షమైనా, దరఖాస్తు పెట్టారా? కొట్టివేత ఉత్తర్వు ఒక్కటే ఉందా, లేక దానితో పాటు "జడ్జిమెంట్" అన్న శీర్షికతో వేరే కాగితం డాకెట్‌లో ఎక్కిందా? ఎక్కి ఉంటే దాని మీద ఏ తేదీ ఉంది? ఆ వేరే కాగితం ఉంటే మాత్రం నేను పైన రాసిన "ఆగండి" అన్న మాట పక్కనపెట్టి, ఆ తేదీ నుంచి 60 రోజులు లెక్కపెట్టుకుని నాకు మళ్ళీ రాయండి.